అరవని ఇంటి ఆడవాళ్ళు

ఆ ఊళ్ళో గడియారం లేని ఇళ్ళున్నాయేమో గానీ మైకత్త గొంతు వినపడని ఇల్లు మాత్రం లేదు. పొద్దున్నే కూరల బండి తోసుకుంటూ వచ్చి వీధి మొదట్లో నిలబడి, "వంకాయలోయ్... లేత బీరకాయలోయ్..." అని ఒక్క కేక పెట్టిందంటే, చివరింట్లో ముసుగుతన్ని పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చోవాల్సిందే. అమ్మానాన్నలు ఆవిడకి పెట్టిన పేరు ఒకటుంది, అది ఆవిడకైనా గుర్తుందో లేదో. ఎప్పుడో ఎవరో కొంటెగా "మైకు" అన్నారు, ఊరంతా దానికి అత్తని తగిలించింది, అదే ఖాయమైపోయింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు సరికదా, "మైకుకైతే కరెంటు కావాలి, నాకు అదీ అక్కర్లేదు" అని మురిసిపోయేది.

అంత నోరున్న మనిషి, నోరు మూసుకున్న సంగతి ఒకటి మాత్రం మహా గొప్పగా చెప్పుకునేది. అదేమిటంటారా, ఆవిడ కాన్పులు.

"మా ఇంట్లో ఆడవాళ్ళు కాన్పుకి అరవరమ్మా. ముగ్గుర్ని కన్నాను. పక్క గదిలో మా మామగారు గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉన్నారు. బిడ్డ ఏడిస్తే గానీ పుట్టినట్టు ఆయనకి తెలియలేదు. మా అత్త అంతే, ఆవిడ అత్తా అంతే. అరవని ఇల్లు మాది" అనేది, త్రాసు పట్టుకుని.

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడకి ఒళ్ళు తెలిసేది కాదు, తూకం కొనేవాళ్ళ వైపు కాస్త మొగ్గేది. అది కనిపెట్టిన గడుసువాళ్ళు కొందరు, బేరం మొదలెట్టేముందే, "అత్తా, నీ కాన్పుల సంగతి మళ్ళీ ఒకసారి చెప్పవూ" అని అడిగేవాళ్ళు. పాపం, ఆవిడ చెప్పేది.

ఆ ఇంటికి వచ్చిన కోడలు దీనికి పూర్తిగా తలకిందులు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని ఊళ్ళో ఆడపిల్లలందరికీ బట్టలు కుట్టేది. ఆ మిషను చప్పుడే తప్ప పిల్ల చప్పుడు వినపడేది కాదు. "మా ఇంటికొచ్చిన మాటలన్నీ నేనే వాడేస్తాను, ఇక దానికేం మిగులుతాయి" అని మైకత్త నవ్వేది. నవ్వేది గానీ, కోడలంటే ప్రాణం. బండిలో ఎర్రగా నిగనిగలాడే టమాటాలు రెండు పక్కకి తీసి గోనె కింద దాచేది. ఎవరైనా చూసి అవి కావాలంటే, "అవి అమ్మకానికి కాదు, మా అమ్మాయికి" అని కసిరేది.

ఆ అమ్మాయి నెల తప్పింది.

వారానికోసారి బడి వరండాలో కూర్చుని గర్భిణులని చూసే నర్సమ్మ ఒకావిడ ఉంది. కొండ దారి దిగి, వాగు దాటి వెళ్తే వచ్చే పెద్ద ఊరిలో ఆవిడ పనిచేసే చిన్న ఆసుపత్రి. ఊళ్ళో చాలామంది అంతదూరం ఎందుకని ఇంట్లోనే కనేవాళ్ళు. వెళ్దామన్నా ఇంట్లో పెద్దవాళ్ళు ఊఁ అనాలి, మగవాళ్ళకి తీరాలి, బండి దొరకాలి. ఈ మూడూ ఒకేసారి కుదిరేలోపు బిడ్డ ఆగదు కదా!

ఒకరోజు పొద్దున మైకత్త బండి సర్దుకుంటుంటే కోడలు మిషను ఆపి, సూదికి దారం ఎక్కిస్తూనే, తల ఎత్తకుండా అన్నది.

"అత్తయ్యా, నేను కాన్పుకి ఆసుపత్రికే వెళ్తాను."

"ఎందుకే? నేనున్నానుగా? ముగ్గుర్ని కన్నదాన్ని."

"మీరుంటారు. రక్తం ఎక్కువ పోతే ఆపే మందు మీ దగ్గర లేదు కదా."

మైకత్త నోరు తెరిచింది. అందులోంచి ఏమీ రాలేదు. అలా జరగడం ఊరి చరిత్రలోనే మొదటిసారి. క్వారీలో లారీ నడిపే కొడుకు, మొహాన సబ్బు నురగతో పెరట్లోంచి తొంగిచూసి, "మీరిద్దరూ ఎలా అంటే అలాగే" అన్నాడు.

"నిన్నెవరడిగారు?" అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే. అతను నురగతోనే వెనక్కి తగ్గాడు.

"ఆటో అతనితో కూడా మాట్లాడి పెట్టుకున్నాను. వాళ్ళమ్మాయి గౌను కుట్టేటప్పుడు. ఎప్పుడు కబురు పెడితే అప్పుడు వస్తానన్నాడు" అన్నది కోడలు.

"ఓసి నీ దుంపతెగ! ఇంత మాట్లాడటం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"రోజూ మీ పక్కనేగా కూర్చుంటున్నాను."

మైకత్త పగలబడి నవ్వింది. ఒప్పుకుంది కూడా. చెప్పొద్దూ, ఆ పిల్ల ఆసుపత్రి అనగానే ఆవిడ గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు. పైకి మాత్రం అత్తగారి హోదా నిలబెట్టుకోవాలి కాబట్టి, పెట్టెలోంచి ఒక పాత తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, కోడలి సంచిలో పెట్టింది.

"వెళ్తే వెళ్దువు గాని, ఒక్క మాట. నొప్పి వచ్చినప్పుడు దీన్ని పళ్ళ మధ్య పెట్టుకో. నలుగురూ ఉండే చోటు, మన ఇంటి మాట పోకూడదు. అరవని ఇల్లు మనది."

కోడలు తలూపింది. ఆ పిల్ల ఒకసారి తలూపిందంటే ఇక తిరుగు లేదు.

నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. కొడుకు క్వారీ నుంచి ఇంకా రాలేదు, అతనికి కబురు పంపించి, అత్తాకోడళ్ళు ఆటో ఎక్కారు. దారి పొడుగునా ప్రతి గుంతకీ ఆటో అతన్ని తిట్టింది మైకత్త. "గుంతలు నేను తవ్వానా అత్తా?" అని అతను మొత్తుకుంటే, "తవ్వకపోతే ఏం, వెతికి మరీ పడేస్తున్నావుగా!" అన్నది. ఆ తిట్లకి కోడలు నొప్పిలో కూడా నవ్వింది. నొప్పి వచ్చినప్పుడల్లా మాత్రం అత్త చెయ్యి గట్టిగా పట్టుకునేది, అంతే, మూలుగు కూడా లేదు. మైకత్తకి ఒకపక్క జాలి, ఒకపక్క గర్వం.

ఆసుపత్రి అంటే పెద్దదేమీ కాదు. రేకుల వసారా, అందులో ఒక బల్ల, దానికి ఎదురుగా పక్కపక్కనే రెండు కాన్పు గదులు. నర్సమ్మ కోడల్ని పడుకోబెట్టి పరీక్ష చేసింది.

"బాగానే ఉంది. ఇంకా టైముంది, తొలి కాన్పు కదా. పక్క గదిలో ఇంకొకామె ఉంది, ఆమెది దగ్గరకొచ్చేసింది. ఇవాళ నేనొక్కదాన్నే, అటూ ఇటూ తిరుగుతుంటాను. విను తల్లీ, ఏమాత్రం తేడాగా అనిపించినా, ముక్కాలనిపించినా, గట్టిగా పిలువు. ఇక్కడ బెల్లు లేదు, మీ గొంతులే నాకు బెల్లు" అని, మైకత్త వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీరు పక్కన కూర్చోవచ్చు."

కోడలు ఆశగా చూసింది. "రండి అత్తయ్యా."

"నేనా? అబ్బే, నాకు ఈ మందుల వాసన పడదమ్మా. బయటే ఉంటాను, గోడ అవతలే కదా" అన్నది మైకత్త గబగబా. వాసనా లేదు, పాడూ లేదు. కుళ్ళిన కూరలు రోజూ చేత్తో ఏరిపారేసే మనిషికి మందుల వాసన ఓ లెక్కా! ఆ మంచం వైపు చూస్తే ఆవిడకి అడుగు ముందుకు పడలేదు, అదీ అసలు సంగతి. కోడలి తల నిమిరి, తువ్వాలు చేతికందించి, బయటికొచ్చి బల్ల మీద కూలబడింది.

ఆ బల్ల మీద అప్పటికే ఇద్దరున్నారు. పక్క గదిలో కంటున్న అమ్మాయి తల్లి ఒకరు, మొగుడు ఒకడు. ఆ మొగుడి పరిస్థితి పగవాడికి కూడా వద్దు. లోపల్నుంచి అతని పెళ్ళాం, "వాడేడీ? వాణ్ణి ఇటు పంపించండి, వాడి సంగతి చెప్తాను! నాయనో, చచ్చిపోతున్నానో!" అని కప్పు ఎగిరిపోయేలా అరుస్తోంది. అరిచినప్పుడల్లా అతను బల్ల మీద జానెడు జరుగుతున్నాడు. ఇంకాస్త జరిగితే కింద పడేవాడే.

"మీ అమ్మాయి గొంతు భలేగా ఉందండీ. కూరలమ్మితే నా బండి మూసుకోవాల్సిందే" అన్నది మైకత్త.

"ఏం చెయ్యమంటారు, చిన్నప్పట్నుంచీ అంతే" అని ఆ తల్లి సిగ్గుపడింది.

"మా గది చూడండి. ఏమైనా వినపడుతోందా? మా ఇంట్లో ఆడవాళ్ళు అరవరు. మా అత్త అంతే, నేనూ అంతే, ఇదిగో ఇప్పుడు మా కోడలు."

"మీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు" అన్నది మైకత్త, ఎప్పటిలాగే.

ఆ తల్లి అబ్బురంగా చూసింది. మాటల్లో పడి గంట గడిచింది. అప్పుడు పక్క గదిలో అరుపు ఆగింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకుంటోంది కాబోలు. వసారా అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. మైకత్త నవ్వుతూనే తన గది వైపు చెవి పెట్టింది.

ఏమీ లేదు. అడుగుల చప్పుడు లేదు, మంచం కిర్రుమన్న చప్పుడు లేదు. మైకత్త నవ్వు మొహం మీద అలాగే ఆగిపోయింది. ఆ చప్పుడు లేకపోవడం ఆవిడకి తెలుసు. బాగా తెలుసు.

ముగ్గురు కాదు. నలుగురు.

మొదటిది ఆడపిల్ల. అప్పటికి మైకత్త మైకత్త కాదు, వచ్చి ఏడాదైనా తిరగని కొత్తకోడలు. అత్తగారు ఇలాంటి తువ్వాలే మడతపెట్టి నోట్లో పెట్టి, "అరిచావంటే ఊరంతా వింటుంది, పరువు పోతుంది. నేనిప్పుడే వస్తాను" అని పశువుల పని చూడటానికి వెళ్ళింది. ఈవిడ అరవలేదు. నొప్పి ఎముకలు విరిచేస్తున్నా అరవలేదు. బిడ్డ వచ్చేస్తోందని ఒళ్ళంతా చెబుతున్నా అరవలేదు. కాన్పులు చేసే ముసలావిడ పక్కింట్లోనే ఉంది. ఆవిడ వచ్చి చూసేసరికి బిడ్డ మెడకి బొడ్డుతాడు చుట్టుకుని, ఊపిరి పోయి ఉంది. "గోడ అవతలే ఉన్నాను కదే తల్లీ! ఒక్క కేక పెట్టలేకపోయావా?" అని ఆ ముసలావిడ నెత్తి బాదుకుంది. దానికి కూడా ఏడవకూడదన్నారు ఇంట్లో. ఏడవలేదు. తర్వాత ముగ్గురు పుట్టారు, అప్పుడూ అరవలేదు, అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నది అదొక్కటే కాబట్టి దాన్నే పట్టుకుని ఇన్నేళ్ళూ ఊరంతా తిప్పి చెప్పుకుంది పిచ్చితల్లి.

గోడ అవతలే. ఇందాక తనన్న మాట కూడా అదే.

మైకత్త బల్ల మీంచి లేచిన ఊపుకి ఆ మొగుడు నిజంగానే కింద పడ్డాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కోడలు మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని విల్లులా వంగిపోయి ఉంది. మొహమంతా చెమట. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పళ్ళ మధ్య తువ్వాలు.

"ఎంతసేపట్నుంచే? నర్సమ్మని పిలిచావా?"

కోడలు లేదన్నట్టు తలూపింది. మైకత్త దుప్పటి తొలగించి చూసింది. నల్లటి జుట్టు కనపడుతోంది. కోడలి నోట్లోంచి తువ్వాలు లాగి పారేసింది.

"అరవవే! అరిచి పిలవవే నా తల్లీ!"

"అత్తయ్యా..." అన్నది కోడలు. అంతే వచ్చింది. ఇన్నాళ్ళూ అలవాటు లేని గొంతు, అడిగిన వెంటనే ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు పెట్టింది మైకత్త కేక.

"నర్సమ్మోయ్...!"

వీధులన్నిటిలో ఇన్నేళ్ళు వంకాయల కోసం, బీరకాయల కోసం పెట్టిన కేకలన్నీ కలిపినా దాని ముందు తక్కువే. రేకుల మీద పావురాలు లేచిపోయాయి. వసారా చివర మందులిచ్చే అతని చేతిలోంచి గోళీలు నేల మీద దొర్లాయి. పక్క గదిలో అరుస్తున్న అమ్మాయి కూడా ఒక్క క్షణం ఆగి, "ఎవరమ్మా అది?" అన్నదట. నర్సమ్మ చేతి తొడుగులు మార్చుకుంటూనే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మో, తల వచ్చేసింది! ఆగు తల్లీ, ముక్కకు, ఊపిరి వదులు... మెడకి తాడు చుట్టుకుంది, ఒక్క క్షణం..."

మైకత్త ఆ మాట విన్నది. అయినా కదల్లేదు. మంచం తల దగ్గర నిలబడి కోడలి భుజాలు పట్టుకుంది. నర్సమ్మ వేళ్ళతో ఒడుపుగా తాడుని తల మీంచి తప్పించింది. "ఇప్పుడు ముక్కు!" అన్నది. కోడలు అరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గొంతు చీలిపోయేలా అరిచింది. తోడుగా మైకత్త కూడా అరిచింది, ఎందుకో ఆవిడకే తెలియదు.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఒళ్ళంతా కమిలినట్టు నీలంగా ఉంది. ఏడవలేదు.

నర్సమ్మ బిడ్డని వెచ్చటి గుడ్డలో తుడిచి, నోరు శుభ్రం చేసి, వీపు రుద్దింది. చిన్న తొడుగు ఒకటి మొహానికి పెట్టి, ఊపిరి లోపలికి వెళ్ళేలా దానికున్న రబ్బరు బుడ్డిని మెల్లగా నొక్కసాగింది. కోడలు తల ఎత్తి చూస్తోంది, అడగడానికి కూడా భయపడుతోంది. మైకత్త బిడ్డ దగ్గరికి వంగింది. వీధిలో మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏడువమ్మా. నీ ఇష్టమొచ్చినంత ఏడువు. ఊరంతా వినపడేలా ఏడువు. ఎవరేమంటారో నేను చూస్తాను. నీ జోలికి ఎవడొస్తాడో నేను చూస్తాను కదా, ఏడువు నా బంగారూ..."

బుల్లి ఛాతీ ఒకసారి ఎగిరింది. పిల్లికూన కూసినట్టు సన్నగా ఒక చప్పుడు. ఆ తర్వాత కాస్త పెద్దగా. ఆ తర్వాత, అబ్బో, మైకత్త మనవరాలనిపించుకుంది. నీలం పోయి ఎర్రబడి, పిడికిళ్ళు బిగించి, ఎవరి మీదో పాతకక్ష ఉన్నట్టు ఏడ్చింది. కోడలు వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

నర్సమ్మ బిడ్డని తల్లి గుండెల మీద పెట్టి, కోడలికి రక్తం పోకుండా ఇంజెక్షను ఇచ్చి, అప్పుడు ఊపిరి పీల్చుకుని, అప్పుడు కోప్పడింది.

"ఏమ్మా, ఎన్నిసార్లు చెప్పాను? ముక్కాలనిపిస్తే పిలవమన్నానా లేదా? ఎందుకు పిలవలేదు?"

కోడలు కళ్ళు తెరిచింది. "మా ఇంట్లో అరవరండీ" అన్నది.

ఫిర్యాదుగా అనలేదు ఆ పిల్ల. మా ఇల్లు ఫలానా వీధిలో ఉందని చెప్పినంత మామూలుగా అన్నది. అదే మైకత్తకి తగలరాని చోట తగిలింది. తిట్టినా బాగుండేది. గోడకి ఆనుకుని అలాగే జారి, నేల మీద పడి ఉన్న తువ్వాలు పక్కనే కూర్చుండిపోయింది.

"ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తెలుసా పెద్దమ్మా?" అన్నది నర్సమ్మ.

"తెలుసు."

ఆ గొంతు విని నర్సమ్మ అక్కడితో ఆపి, పక్క గదికి పరిగెత్తింది. కాసేపటికి అక్కడ మగపిల్లాడు పుట్టాడు, ఆ అమ్మాయి తల్లి సంతోషం పట్టలేక తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూసింది. "మనవరాలా? ముగ్గుర్ని కన్న తల్లి, మీ చలవేనండీ..."

"నలుగురు" అన్నది మైకత్త.

"ఆఁ?"

"ముగ్గురు కాదు. నలుగుర్ని కన్నాను. పెద్దది ఆడపిల్ల. నేను పిలవలేదు, అందుకని పోయింది."

ఆ మాట ఆవిడ నోట్లోంచి బయటికి రావడం అదే మొదలు. వచ్చాక ఇక ఆగలేదు. ఏడ్చింది మైకత్త. అన్నేళ్ళు నోట్లో గుడ్డ కుక్కుకుని దాచిపెట్టిన ఏడుపు. నర్సమ్మ వచ్చి పక్కన నేల మీదే కూర్చుని, "ఏడవండి పెద్దమ్మా, ఇక్కడ ఎవరూ వద్దనరు" అన్నది. తలుపు దగ్గరున్న ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుని, ఓదారుద్దామని, "ఊరుకోండమ్మా. ఆ పాపే మళ్ళీ మీ ఇంటికి వచ్చిందనుకోండి" అన్నది.

మైకత్త ఏడుపు మధ్యలోనే తలెత్తింది. "కాదు. అది అది, ఇది ఇది. దాన్ని దీంట్లో కలిపెయ్యకండి. దాని లెక్క దానికుంది."

అప్పుడే కొడుకు వచ్చాడు. క్వారీ దుమ్ము ఒంటి మీద అలాగే ఉంది. వసారాలోకి అడుగుపెట్టేసరికి వినపడింది తల్లి ఏడుపు. అంత గొంతు ఆ ఊళ్ళల్లో ఒక్కరికే ఉంది, అది ఏడవడం మాత్రం అతను పుట్టిన తర్వాత ఎప్పుడూ వినలేదు. పాపం, దారిలో పెళ్ళానికని కొన్న పాల సీసా చేతిలోంచి జారిపోయింది. ఒక్క పరుగున గది దాకా వచ్చాడు.

"అమ్మా... ఏమైందమ్మా?"

"ఏం కాలేదురా వెర్రినాగన్నా. నీకు కూతురు పుట్టింది. నీ పెళ్ళాం బాగుంది. చూడు, ఎలా అరుస్తోందో నీ కూతురు."

అతను పెళ్ళాన్ని చూశాడు, బిడ్డని చూశాడు, మళ్ళీ తల్లిని చూశాడు. "మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"నీకో అక్క ఉండేదిరా" అన్నది మైకత్త. "కూర్చో, చెప్తాను."

అతను అక్కడే నేల మీద కూర్చున్నాడు. కోడలు మంచం మీంచి చెయ్యి చాచింది. నర్సమ్మ నేల మీది తువ్వాలు తీయబోతే, "అది కాదండీ, మంచిది ఇవ్వండి" అని సంచిలోంచి ఉతికిన గుడ్డ తీయించుకుని, వంగి అత్తగారి మొహం తుడిచింది. తుడుస్తూ అన్నది.

"గట్టిగా చెప్పండి అత్తయ్యా. నాక్కూడా వినపడాలి."

మైకత్త చెప్పింది. వసారాలో ఉన్నవాళ్ళందరికీ వినపడింది.